ఎవరినీ నమ్మని హోక్ అన్న

హోక్ అన్న ఎవరినీ నమ్మడు. డాక్టర్ని నమ్మడు, నర్సుని నమ్మడు, కట్టుకున్న భార్యని నమ్మడు. అద్దంలో తన మొహం కనిపించినా ఒక్క క్షణం ఆగి, ఇది నేనేనా అని ఆలోచించుకుని అప్పుడు గడ్డం గీసుకుంటాడని ఊళ్లో చెప్పుకుంటారు. గడ్డం సంగతి యెన్-ఛీకి తెలియదు గాని, మిగతావన్నీ ఆరోగ్య కేంద్రం కౌంటరు అద్దం వెనక కూర్చుని ఆమె కళ్లారా చూసినవే.

ఆయన పూర్తి పేరు ఉంగ్ థియెన్-హోక్. వయసు యాభై ఎనిమిది. చియాయీ జిల్లాలో సముద్రపు ఒడ్డున, ఆల్చిప్పల వాసన గుమ్మం దాకా వచ్చే ఆ ఊళ్లో, ఆరోగ్య కేంద్రం కంప్యూటర్లూ నెట్‌వర్కూ చూసుకోవడం ఆయన పని. పదిహేనేళ్లపాటు అందరినీ నమ్మాడు. ఎవరు ఏ తీగ ఎక్కడ గుచ్చినా "సరే సరే" అని టీ తాగేవాడు. మార్చి నెలలో మూడు రోజుల శిక్షణకి వెళ్లొచ్చాక మనిషి మారిపోయాడు.

ఆ శిక్షణ ఊరికే పెట్టింది కాదు. ఎక్కడో ఒక పెద్ద ఆసుపత్రిలో ఒక ఉదయం కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి. ఎవడో దొంగ దూరం నుంచే లోపలికి చొరబడి, అడిగింది ఇస్తేనే తెరుస్తానని ప్రతి తెర మీదా రాసిపెట్టాడు. ఏ రోగికి ఏ మందో తెలియక నర్సులు వారం రోజులు తలలు పట్టుకున్నారు. అందుకని తైపే నుంచి వచ్చిన శిక్షకుడు ఇలా చెప్పాడు: "పాత రోజుల్లో ప్రహరీ కట్టుకుని, గేటు దగ్గర ఒకసారి అడిగి లోపలికి వదిలేసేవాళ్లం. ఇప్పుడు లోపల ఉన్నవాణ్ని కూడా నమ్మకండి. గది గదికీ అడగండి. అడిగినవాణ్నే మళ్లీ అడగండి."

మిగతా ఇరవై మందీ ఇది కంప్యూటర్ల గురించి చెప్పిన మాట అని రాసుకున్నారు. హోక్ అన్న ఒక్కడే మనుషుల గురించి అని విన్నాడు.

సోమవారం పొద్దున్నే మొదలైంది. కేంద్రం అధికారి డాక్టర్ ఫాన్ బాత్‌రూముకి వెళ్లి తిరిగొచ్చేసరికి లోపలి తలుపు గడియ వేసి ఉంది.

"ఎవరు?" అంది తలుపు వెనక గొంతు.

"నేనే, ఫాన్‌ని."

"ఫాన్ అని ఎవరైనా అనొచ్చు."

"హోక్ అన్నా, రెండు నిమిషాల కిందటే కదా ఈ తలుపులోంచి బయటికి వెళ్లాను!"

"వెళ్లినాయన మీరేనని వచ్చినాయన చెబితే ఎలా కుదురుతుంది? శుక్రవారం మధ్యాహ్నం భోజనం డబ్బాలో మీరు పక్కన పెట్టేసిన కూరేంటి?"

"కాకరకాయ!"

గడియ తీసిన చప్పుడైంది. "రండి డాక్టర్ గారూ."

యెన్-ఛీ చేతిలో ఉన్న స్టాంపు కాగితం మీద పడకుండా గాల్లోనే ఆగిపోయింది. డాక్టర్ ఫాన్ లోపలికి వచ్చి, తడి చేతులు కోటుకి తుడుచుకుంటూ ఆమె వంక చూశాడు. ఆమె తల దించుకుంది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ బిత్తరపోయారో చెప్పడం కష్టం.

ఆ రోజు మధ్యాహ్నమే హోక్ అన్నకి ఇంటి నుంచి ఫోను వచ్చింది.

"నేను," అంది ఆయన భార్య సియోక్.

"నేనంటే?"

"మీ పెళ్లాన్ని!"

"మన పెళ్లి ఊరేగింపులో దారిలో ఆగిపోయిన కారెవరిది?"

"మీ మేనమామది. దాన్ని తోసింది మా నాన్న. ముప్ఫై ఏళ్లయినా ఆయన నడుం నొప్పి తగ్గలేదు. చాలా?"

"సరిపోయింది. చెప్పు."

"రాత్రికి చేప పులుసు పెడదామని చెప్పబోయాను. ఇప్పుడు పెట్టను. హోటల్లో తినండి. వాళ్లని కూడా ఏదో ఒకటి అడగండి!"

డాక్టర్ ఫాన్ ఓర్పు గల మనిషే. వారం రోజులు కాకరకాయ, మేనత్త పేరు, చిన్నప్పుడు కరిచిన కుక్క రంగు అన్నీ చెప్పి చూశాడు. ఎనిమిదో రోజు పేలిపోయాడు. కోపం లేనప్పుడు ఆయన "హోక్ అన్నా" అంటాడు. కోపం వస్తే ఇంటిపేరు బయటికి వస్తుంది.

"ఉంగ్ గారూ! నమ్మకం లేకపోతే నలుగురు మనుషులు ఒకచోట ఎలా పనిచేస్తారు?"

"డాక్టర్ గారూ, మీరు మాజూ అమ్మ గుడికి వెళ్తారు కదా. ప్రశ్న అడిగి ఎర్ర చెక్కలు నేల మీద వేస్తారు. ఒకసారి అవునని పడగానే లేచి ఇంటికొచ్చేస్తారా?"

"లేదు. వరసగా మూడుసార్లు పడాలి."

"అమ్మవారినే మూడుసార్లు అడుగుతున్నాం. మిమ్మల్ని ఒక్కసారి కూడా అడగకపోతే అమ్మవారికి చిన్నతనం కాదూ?"

డాక్టర్ తన గదిలోకి వెళ్లిపోయాడు. ఆయన ఆ గుడి కమిటీలో సభ్యుడు.

మే నెలకల్లా ప్రశ్న ముసలివాళ్ల దాకా పాకింది. ఆ ఊళ్లో పక్కింటి అవ్వ ఆరోగ్య కార్డు పట్టుకొచ్చి ఎదురింటి అవ్వ మందులు తీసుకుపోవడం మామూలే. అది కుదరదన్నాడు హోక్ అన్న. కౌంటరు పక్కన చిన్న బల్ల వేసుకుని కూర్చుని, కార్డు యంత్రంలో పెట్టేముందు ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టాడు. నిన్న రాత్రి ఏం తిన్నారు? ఎవరితో తిన్నారు? పెద్ద మనవడి పేరేంటి? ఇవాళ ఏ వారం?

వరస గుమ్మం దాటి స్కూటర్లు పెట్టే చోటు దాకా పెరిగింది.

"అవ్వా, నిన్న రాత్రి ఏం తిన్నావు?"

"గంజి. ముల్లంగి పచ్చడి," అంది గిమ్ అవ్వ. ఆమెకి ఎనభై ఒకటి. ఆల్చిప్పల పాకల చివర ఒక్కతే ఉంటుంది. నోరు మాత్రం పదిమంది పెట్టు.

"ఎవరితో తిన్నావు?"

"టీవీతో. అందులో అమ్మాయి ఏడుస్తోంది. కాస్త తినవే అన్నాను. వినలేదు. నువ్వేం తిన్నావురా?"

"అది నేను చెప్పకూడదవ్వా. భద్రత."

"గాడిదగుడ్డు భద్రత! నీ పుట్టుక నాకు తెలుసు. మీ అమ్మ నిన్ను వీపున కట్టుకుని మా పాకలో ఆల్చిప్పలు ఒలిచింది. ఇప్పుడు నన్ను, నేను నేనేనా కాదా అని అడుగుతావా?"

"అడుగుతాను. వచ్చే గురువారం కూడా అడుగుతాను."

వెనకాల ఉన్న లిన్ తాత కర్ర నేలకేసి కొట్టాడు. "దీని జవాబులు నిజమో కాదో నీకెలా తెలుస్తుందిరా? వీళ్లింటి వంటగదిలో కూర్చున్నావా?"

"మొహం చూస్తే తెలుస్తుంది తాతా," అన్నాడు హోక్ అన్న. బల్ల కిందికి వంగి ఏదో రాసుకున్నాడు.

ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఊరిపెద్ద తూ తన కార్యాలయం మేడ మీది మైకులో రోజూ పొద్దున్నే దోమల మందు గురించీ వీధి దీపాల గురించీ చెబుతుంటాడు. ఒకరోజు దానికి ఇంకోటి చేర్చాడు: "ఊరి ప్రజలందరికీ నమస్కారం! ఆరోగ్య కేంద్రానికి వెళ్లేవాళ్లు కార్డుతోపాటు నిన్న రాత్రి ఏం తిన్నారో కూడా గుర్తు పెట్టుకుని వెళ్లవలసిందిగా మనవి!" ఊరంతా పగలబడి నవ్వింది. ఆల్చిప్పల పాకల్లో ఆడవాళ్లు కత్తులు పక్కన పెట్టి మరీ నవ్వారు. హోక్ అన్న మాత్రం వెళ్లి, మైకు గది తాళం సరిగ్గా లేదని చెప్పి వచ్చాడు.

ఫిర్యాదులు రాసిపెట్టే పని యెన్-ఛీది. డిసెంబరు వచ్చేసరికి అవి నలభై మూడు అయ్యాయి. అప్పుడే కబురు వచ్చింది, జిల్లా నుంచి నెట్‌వర్కు భద్రత తనిఖీకి మనిషి వస్తాడని. ఏ రోజో చెప్పరట. డాక్టర్ ఫాన్ హోక్ అన్నని పిలిచాడు.

"ఉంగ్ గారూ, మీ ఒప్పందం ఈ నెలాఖరుతో అయిపోతుంది. నలభై మూడు ఫిర్యాదులున్నాయి. తనిఖీలో మీ వల్ల ఒక్క మార్కు తగ్గినా సరే, జనవరి నుంచి మీ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఉత్తరం టైపు చేయించి జేబులో పెట్టుకున్నాను."

టైపు చేసింది యెన్-ఛీయే. అయినా ఆ మాట పైకి వినేసరికి ఆమె ఫిర్యాదుల ఫైలు మూసేసింది.

హోక్ అన్న ఆలోచించాడు. "ఆ వచ్చేవాడు తను ఎవరో రుజువు చేసుకుంటే కూర్చోనివ్వండి," అన్నాడు.

తర్వాతి గురువారం సముద్రం గాలి కోసేస్తోంది. ఫ్లూ టీకా కోసం వచ్చిన ముసలివాళ్లతో హాలు నిండిపోయింది. గిమ్ అవ్వ ఉంది, లిన్ తాత ఉన్నాడు, ఊరిపెద్ద తూ కూడా హెల్మెట్ తియ్యకుండానే చొక్కా చెయ్యి పైకి మడుచుకుని కూర్చున్నాడు. అప్పుడు నిచ్చెన భుజాన వేసుకుని, చేతిలో అనాస కేకుల డబ్బా పట్టుకుని ఒక నడివయసు మనిషి వచ్చాడు. ఒంటి మీద నెట్ లైన్లు బాగుచేసేవాళ్లు వేసుకునే పసుపు కోటు.

"లైను చూడ్డానికి వచ్చానండీ. ఇవి మీ అందరికీ," అని డబ్బా కౌంటరు మీద పెట్టాడు.

"రండి రండి!" అన్నాడు డాక్టర్ ఫాన్. "పొద్దుట్నుంచి నెట్ నత్తలా నడుస్తోంది. ఆ కంప్యూటర్ల గదిలోకి వెళ్లండి."

గదికి అడ్డంగా హోక్ అన్న నిలబడ్డాడు. "నిన్న రాత్రి ఏం తిన్నారు?"

ఆ మనిషి నిచ్చెన జారిపోబోయింది. "ఏంటీ?"

"తిండి. రాత్రి."

"నూ... నూడుల్స్."

"ఎవరితో?"

డాక్టర్ ఫాన్ కళ్లు మూసుకున్నాడు. హోక్ అన్న ఆ మనిషి ఇచ్చిన కార్డు మీది నంబరు వదిలేసి, తన దగ్గర రాసి ఉన్న కంపెనీ నంబరుకి ఫోను చేశాడు. రెండు మాటలు విని పెట్టేశాడు. "ఇవాళ ఈ ఊరికి వాళ్లు ఎవర్నీ పంపలేదట."

హాలంతా ఒక్కసారి లేచింది. గిమ్ అవ్వ చేతికర్ర ఎత్తింది. ఊరిపెద్ద తూ వెళ్లి వీధి గుమ్మానికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. హెల్మెట్ ఉంది కాబట్టి ధైర్యంగానే నిలబడ్డాడు. యెన్-ఛీ అనాస కేకుల డబ్బాని వేలితో దూరంగా తోసింది.

"ఆగండాగండి!" అంటూ ఆ మనిషి పసుపు కోటు విప్పాడు. లోపల మెడలో జిల్లా ప్రభుత్వం గుర్తింపు కార్డు. "నా పేరు జువాంగ్. తనిఖీకి వచ్చాను. ఇలా వేషం వేసుకుని రావడమే తనిఖీ. ఇది తొమ్మిదో ఆరోగ్య కేంద్రం. ఎనిమిది చోట్ల టీ ఇచ్చి మరీ లోపలికి పంపారు. ఒకచోట నిచ్చెన కూడా వాళ్లే పట్టుకున్నారు."

డాక్టర్ ఫాన్ మొహంలో రంగులు మారాయి. "చూశారా! మా హోక్ అన్న..." అని మొదలుపెట్టాడు. ఈలోగా హోక్ అన్న జిల్లా కార్యాలయానికి ఫోను కలిపి, జువాంగ్ అనేవాడు నిజంగా ఉన్నాడా, ఉంటే ఎడమ చెవి దగ్గర పుట్టుమచ్చ ఉందా అని అడుగుతున్నాడు. ఉందట. అప్పుడు గది తలుపు తీశాడు.

అంతా సవ్యంగా సాగితే ఇక్కడితో అయిపోయేది. జువాంగ్ గట్టివాడు. కీబోర్డులన్నీ ఎత్తి చూశాడు. డాక్టర్ ఫాన్ కీబోర్డు కింద చీటీ దొరికింది. దాని మీద పాస్‌వర్డు, పక్కనే 'మరిచిపోకు' అని రాసి ఉంది. డాక్టర్ గోడ మీది దోమల బొమ్మ వంక శ్రద్ధగా చూడసాగాడు. తర్వాత జువాంగ్ హోక్ అన్న బల్ల సొరుగు లాగాడు. తాళం లేదు. అందులో ఎలుగుబంటి బొమ్మ అట్ట ఉన్న బడిపిల్లల నోటు పుస్తకం.

జువాంగ్ తెరిచాడు. పేర్లు, తేదీలు, ప్రశ్నలు, జవాబులు. ఎనిమిది నెలలవి. ఊళ్లోని ముసలివాళ్లందరివీ.

యెన్-ఛీ అద్దం వెనక నుంచి మెడ చాచి చూసింది. ఎవరినీ నమ్మని మనిషి, ఊరందరి జవాబులూ తాళం లేని సొరుగులో పెట్టుకున్నాడా!

"ఇదేంటండీ?" అన్నాడు జువాంగ్. ఆయనకీ నమ్మబుద్ధి కాలేదు. "రహస్య జవాబులు కాగితం మీద రాసిపెట్టారా? మీరా? దీనికి నేను సున్నా వెయ్యాలి."

డాక్టర్ చెయ్యి జేబులోని ఉత్తరం మీదికి వెళ్లింది.

"అవి రహస్యాలు కావండీ," అన్నాడు హోక్ అన్న చిన్న గొంతుతో. "అవ్వ రాత్రి ఏం తిన్నదో ఎవరూ అడగరు. అందుకని ఎవరికీ తెలియదు. అంతే."

జువాంగ్ పేజీలు తిప్పుతూ పైకి చదవసాగాడు. "లిన్ తాత. మనవడి పేరు జూన్‌లో సరిగ్గా చెప్పాడు. జులైలో ఆలోచించి చెప్పాడు. ఆగస్టులో కొడుకు పేరు చెప్పాడు. నర్సుతో మాట్లాడాను."

యెన్-ఛీకి గుర్తొచ్చింది. ఆగస్టులో నర్సు ఉన్నట్టుండి లిన్ తాత ఇంటికి వెళ్లి, కొడుకుని పిలిపించి, పట్నంలో మతిమరుపు పరీక్షలు చేయించింది. ముందే పట్టుకోవడం మంచిదైందని అక్కడి డాక్టరు అన్నాడట. నర్సుకి ఎలా తెలిసిందా అని అప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు.

"గిమ్ అవ్వ," జువాంగ్ చదివాడు. "గంజి, ముల్లంగి. గంజి, ముల్లంగి. గంజి, ముల్లంగి." పేజీ తిప్పాడు. "జూన్ రెండో గురువారం, పాలబొంత చేపలు రెండు, తలుపు గడియకి." మళ్లీ తిప్పాడు. "గురువారం, రెండు, గడియకి. గురువారం, రెండు... ఏంటండీ ఈ చేపలు?"

హోక్ అన్న నోరు విప్పేలోగా గిమ్ అవ్వ అందుకుంది.

"చేపలా! అవి మన ఊరిపెద్దవి నాయనా! గురువారం తెల్లారేసరికి నా తలుపుకి వేలాడుతుంటాయి. అందుకే కదా మొన్న నవంబర్లో నా ఓటు ఆయనకే గుద్దాను!"

ఎన్నికల ముందు ఇంటికి చేపలు! వాటికి ఓటు! అదీ ప్రభుత్వ అధికారి ఎదురుగా! ఆ ఊళ్లో ఓటుకి సబ్బుబిళ్ల పంచి జైలుకెళ్లినవాడి పేరు చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఊరిపెద్ద తూ హెల్మెట్ తీసేశాడు. లోపల మొహం సున్నం కొట్టినట్టుంది. "నేను ఇవ్వలేదు! ఒక్క చేప కూడా ఇవ్వలేదు!"

"అదేంటయ్యా! నేను దణ్ణం పెడితే 'ఇది నా ధర్మం అవ్వా' అన్నావుగా!"

"వీధి దీపం గురించి అంటున్నావనుకున్నాను!"

"'మెత్తగా, వెన్నలా ఉన్నాయయ్యా' అంటే, 'ఇంకా మంచివి వస్తాయి' అన్నావు! వీధి దీపం వెన్నలా ఉంటుందా?"

"ఓట్ల ముందు మెచ్చుకుంటుంటే కాదంటామా అవ్వా!" అని అరిచాడు తూ. ఆరు నెలలుగా ఇంకొకరి పుణ్యం హాయిగా తన ఖాతాలో వేసుకున్న మనిషి, ఇప్పుడు దాన్ని ఎవరి మీదికైనా విసిరేద్దామని చుట్టూ వెతుకుతున్నాడు. జువాంగ్ ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

యెన్-ఛీ ఆ ఉద్యోగంలో చేరాక నెలకి పది మాటలకి మించి మాట్లాడింది లేదు. ఇప్పుడు అద్దం కిటికీ జరిపింది.

"అయ్యా... ఆ పుస్తకంలో చేతిరాత చూడండి. ఊరిపెద్ద గారిది కాదు. గురువారాలు హోక్ అన్న చొక్కా చేతికి చేప పొలుసులుంటాయి. ఎనిమిది గంటలకి వచ్చి పంపు దగ్గర కడుక్కుంటాడు."

అందరూ హోక్ అన్న వైపు తిరిగారు. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"అవునండీ! ఆయన రాతే! ఆయన చేపలే!" తూ పరుగున వచ్చి జువాంగ్ చొక్కా పట్టుకున్నాడు. "సార్, ఆ పుస్తకం చింపకండి! తాళం వేసి దాచండి! అలాంటి పుస్తకం ప్రతి ఊళ్లో ఉండాలి సార్! రేపు మైకులో కూడా చెబుతాను!"

జువాంగ్ ఆయన వేళ్లు ఒక్కొక్కటే విడిపించుకుని, కలం తీసి తనిఖీ కాగితం మీద వంగాడు. "పుస్తకం ఇకనుంచి నర్సు బీరువాలో, తాళం లోపల. దానికి పోయేది ఒక మార్కు. డాక్టర్ గారి చీటీకి పోయేవి ఐదు." డాక్టర్ ఫాన్ జేబులోంచి ఉత్తరం తీసి, ఎవరూ చూడటం లేదనుకుని, కాగితాలు ముక్కలుముక్కలు చేసే యంత్రంలోకి జారవిడిచాడు. యెన్-ఛీ చూసింది.

"ఒక్కటి మాత్రం రాసుకోవాలి," అన్నాడు జువాంగ్. "ఆ చేపలు ఎందుకు పెట్టినట్టు?"

"భద్రత కోసమేనండీ," అన్నాడు హోక్ అన్న నేల వంక చూస్తూ. "నేను ఎప్పుడడిగినా ఆమె జవాబు ఒకటే. గంజి, ముల్లంగి. జవాబు మారకపోతే ఏ దొంగయినా ఇట్టే కనిపెట్టేస్తాడు. ఇలాంటివి నెలకోసారైనా మార్చాలి. ఆమె మార్చడం లేదు. అందుకని నేనే మార్చాను."

జువాంగ్ కలం కాగితం మీద ఆగిపోయింది. గిమ్ అవ్వ చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి, హోక్ అన్నని కింది నుంచి పైదాకా, నిజంగా వీడు వాడేనా అన్నట్టు చాలాసేపు చూసింది.

"నెలకోసారి మార్చాలా?" అంది చివరికి.

"మార్చాలవ్వా."

"మరి జూన్ నుంచీ పాలబొంతలే పెడుతున్నావేంట్రా! దొంగలు పడరూ? వచ్చే నెల నుంచి రొయ్యలు తే!"